పడవవాణ్ణి మరిచిపోయిన చివరి పేజీలు

1984 ఎండాకాలం. బరంపురం లంజిపల్లిలో మా ఇంటి ముందుగదిలో తెలుగు పుస్తకాల లెండింగ్ లైబ్రరీ నడుపుతున్న రోజులవి. లెండింగ్ లైబ్రరీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి విడమర్చి చెప్పాలి కాబోలు. డిపాజిట్ కట్టి మెంబరైతే పుస్తకం అద్దెకిస్తాం. చదివి తెచ్చిచ్చి ఇంకోటి పట్టుకుపోతారు, అంతే. ఒరిస్సాలో కూర్చుని తెలుగు పుస్తకాలు ఎవడికి ఇస్తావని మా బావమరిది ఎగతాళి చేసేవాడు. అతనికేం తెలుసు! బజారులో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడీ మాట్లాడీ నాలుక అలిసిపోయినవాళ్ళం ఆ ఊళ్ళో బోలెడుమందిమి. సాయంత్రమైతే మా అరుగు కింద చెప్పుల కుప్ప చూడాలి.

నా దగ్గర ఎక్కువగా ఆడేవి జానపద నవలలు. మాంత్రికులు, రెక్కల గుర్రాలు, నీళ్ళకింద నగరాలు, శాపాలూ వాటి విరుగుళ్ళూ. వాటిని అడిగేవాళ్ళు పనిలేనివాళ్ళని చాలామంది అనుకుంటారు. ఉత్తమాట. పగలంతా లెడ్జర్లలో తల దూర్చే బ్యాంకు గుమాస్తా, ముగ్గురు పిల్లల్నీ మంచంమీది అత్తగారినీ చూసుకునే ఇల్లాలు, ఊపిరాడని పనిలో ఉన్నవాళ్ళే వచ్చి "మాంత్రికుడిది ఏదైనా ఉందాండీ?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు, నాకు అన్నం పెట్టినవి అవే. కానీ వాటిని గౌరవించానని మాత్రం చెప్పను. వాటిని చదవడం మానేసి ఏళ్ళయింది.

మా పనిలో రెండు మాటలు చెబితే గానీ ఈ కథ నడవదు. మొదటిది పార్టు. లావు నవలని నాలుగు ముక్కలు కోయించి వేరువేరుగా బైండు చేయిస్తాం, ఒకే నవల నలుగురి చేతుల్లో తిరుగుతుంది. రెండోది రాతపేజీ. చేతులు మారే పుస్తకానికి ముందు పోయేవి మొదటి పేజీలూ చివరి పేజీలూనే. అవి పోతే ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో ఇంకో లైబ్రరీ నుంచి అదే పుస్తకం తెప్పించుకుని, పోయిన పేజీలు చేత్తో ఎత్తి రాసి, బైండరు గౌరాంగకి ఇచ్చి కుట్టించేవాణ్ణి. అతనికి తెలుగు ఒక్క అక్షరం రాదు. ఎప్పుడడిగినా "కాలి హెబ బాబు", రేపైపోతుంది అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో జగన్నాథుడికే తెలియాలి.

రాతపేజీ చూసి రాయాలి, ఊహించి రాయకూడదు. ఆ నియమం నేను పెట్టుకున్నదే, తప్పినవాణ్ణీ నేనే.

నూకరత్నం చిలికా సరస్సు ఒడ్డునున్న రంభ అనే ఊరి నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. రోజూ పొద్దుటి పాసింజరు బండికి ఆరేడుగురు ఆడవాళ్ళు చిలికా చేపల గంపలతో బరంపురంలో దిగి, వీధులు పంచుకుని తిరిగి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు ఖాళీ గంప మా అరుగు మీద పెట్టి, "బాబూ, నాకూ పుస్తకమిస్తారేటి?" అంది. నీకు చదువొచ్చా అన్నాను. అనకూడని మాటే. "పుట్టిల్లు ఇచ్ఛాపురం బాబూ. ఆరు దాకా సదివేను. అత్తోరింటికొచ్చేక ఒడియా బోర్డులు తప్ప ఏటీ నేదు," అంది. మెంబరుగా రాసుకున్నాను.

రెండు వారాల్లోనే కంప్లయింటు. బ్యాంకు ఆఫీసరుగారి భార్య పుస్తకం రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "ఏమండీ, ఇందులో రాజకుమారి రొయ్యల వాసనేస్తోంది," అన్నారు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. అందుకని ఏం చేశానంటే, అట్టలు ఊడినవీ చెదలు కొరికినవీ ఏరి కింది అలమరలో వేరే పెట్టి, నూకరత్నానికి అందులోంచే ఇచ్చేవాణ్ణి. నేనేదో తెలివైన పని చేశాననుకున్నాను. ఆమె ఒక్కసారీ అడగలేదు, ఆ అలమర నాకేనా అని.

ఆమె ఒక్కతే చదవడం లేదని తర్వాత తెలిసింది. బండిలో తలుపు దగ్గర నేలమీద గంపల మధ్య కూర్చుని పైకి చదివేదట, మిగతావాళ్ళు వినేవాళ్ళు. కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా, బండి చప్పుడులో వినబడాలని అందరూ కలిసి అరిచి మరీ ఊ కొట్టేవాళ్ళట. కథ మంచి పట్టులో ఆగిపోతే సాయంత్రం దాకా వీధుల్లో ఒకరికొకరు ఎదురుపడి "ఆ రాకాసి ఏటి సేత్తాదంతావే?" అని కొట్టుకునేవాళ్ళట.

ఏప్రిల్లో కింది అలమరలోంచి ఒక లావు నవల ఇచ్చాను. అట్ట లేదు, పేరు లేదు. నేను దాన్ని ఏడు సరస్సుల పుస్తకం అనేవాణ్ణి. మాంత్రికుడు ఎత్తుకుపోయిన రాజకుమారి కోసం ఒక రాజకుమారుడు ఏడు సరస్సులు దాటి వెళ్ళే కథ. నాలుగు పార్టులు. నూకరత్నం నాలుగోది పట్టుకెళ్ళిన మర్నాడే దాన్ని చేత్తో ఊపుకుంటూ వచ్చేసింది.

"ఏటి బాబూ ఇది, అన్నేయం! మాంత్రికుడి మెడకాడికి కత్తొచ్చింది, పేజీల్నేవు! రైల్లో నన్ను కొట్టడమొక్కటే తక్కువ."

చూద్దును కదా, చివరి పేజీలు పన్నెండో పద్నాలుగో లేవు. బడులకి సెలవులిచ్చేశారు, షాపు తిరునాళ్ళలా ఉంది. పుస్తకం కోసం ఇచ్ఛాపురం రాస్తే ఎప్పటికొస్తుంది? శుక్రవారం రమ్మన్నాను. భోజనం చేసి కూర్చుని గంటలో ఆరు పేజీలు గిలికేశాను. ఎప్పుడో కుర్రతనంలో చదివిందే కదా అన్న ధీమా. మాంత్రికుడు చచ్చాడు, రాజకుమారి దొరికింది, పెళ్ళి, పట్టాభిషేకం, పూలవాన, సమాప్తం. పెళ్ళి విందు ఒక్కటే పేజీన్నర రాశాను, ఆకలి మీద ఉన్నానేమో. గౌరాంగ కూడా ఆ వారం చిత్రంగా చెప్పిన రోజుకే కుట్టిచ్చాడు.

శుక్రవారం పుస్తకం తీసుకెళ్ళిన నాలుగు రోజులకి నూకరత్నం మళ్ళీ వచ్చింది. గంప దించలేదు.

"బాబూ, మరి పడవోడేటయ్యేడు?"

"ఏ పడవవాడు?"

"అదేటి బాబూ అలగంతారు! సోమన్న! రాజకుమారుణ్ణి అయిదో సరస్సు దాటించేడని మాంత్రికుడు ఆణ్ణి నడుం కాడికి రాయి సేసేసేడు కదా. మల్లొచ్చి నిన్ను మనిసిని సేత్తానని రాజకుమారుడు సేతిలో సెయ్యేసి మాటిచ్చేడు. మరి పెళ్ళైపోయింది, పూలోన కురిసీసింది. ఆడక్కడే ఒడ్డున కూకున్నాడు."

ఒట్టు, నాకు పడవవాడొకడున్నాడని గుర్తే లేదు. కానీ ఎదురుగా ఇద్దరు మెంబర్లు నిలబడి ఉన్నారు. పరువు అడ్డొచ్చింది.

"రాసినాయన అంతే రాశాడమ్మా. నేను చూసి రాశాను, అంతే," అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. "ఆయనే మరిసిపోయేడన్నమాట," అని వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం నాలుగు పార్టులూ నా బల్ల మీద పెట్టింది. ఇంకోటి తీసుకోమన్నాను.

"ఒద్దు బాబూ. మా ఆడోలు ఇంక సదవొద్దన్నారు. ఇయన్నీ రాజుల కతలు, మనలాంటోలు దాటించడానికి తప్ప మరెందుకూ పనికిరారు అంతన్నారు."

నాకు చిరాకేసింది. "కథ కదమ్మా, దానికింత పట్టింపేమిటి?"

"మీకు కత బాబూ. మాకది రైల్లో గంటన్నర. రోజంతట్లో ఆ గంటన్నరే మాది. మిగతాదంతా సేపలది, మొగోలిది, పిల్లలది." గంప దించి అరుగు మీద కూర్చుంది. "మాకైనా పోనీ. పోలమ్మ సంగతే బాగునేదు."

పోలమ్మ ఆ జట్టులోని మనిషే. మా వీధికి కూడా వచ్చేది, మాట తక్కువ. ఆమె పెనిమిటి ఎర్రన్న చిలికాలో పేరున్న పడవవాడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కాళ్ళూ నోరూ పడిపోయాయి. ఎడమచేయి ఒకటి కొంచెం ఆడుతుంది. రైల్లో విన్న కథని పోలమ్మ సాయంత్రం ఇంటికెళ్ళి, వంట చేస్తూ అతనికి చెప్పేదట. నోరు లేదు కాబట్టి అతను చూపుడువేలితో మంచం కోడు మీద కొట్టి ఊ కొట్టేవాడట. ఆ వేలు ఆడించడమే మందు, మానొద్దు అని డాక్టరు కూడా చెప్పాడట. సోమన్న రాయైపోయిన రోజు నుంచి మరీ పట్టుదలగా కొట్టేవాడు. వాడేమవుతాడో తెలుసుకోవాలని, పోలమ్మ గుమ్మంలో అడుగు పెట్టగానే వేలు మొదలయ్యేదట.

"మీ పేజీలు పోలమ్మ సెప్పింది బాబూ. పెళ్ళైపోయిందని సెప్పింది. ఆయన వేలు పైకెత్తి అలాగే ఉంచేడంట, ఇంకా ఉందేమోనని. నేదని సెప్పింది. గోడేపు తిరిగిపోయేడు. వారం రోజులైంది, ఊ కొట్టడు. గెంజి కూడా సరిగ్గా తాగడం నేదు."

ఆకలి మీద పెళ్ళివిందు రాసుకున్న నేనేమిటి, ఆ మనిషి గంజి మానేయడమేమిటి. "నూకరత్నం, ఆ పేజీలు చూసి రాయలేదు. నేనే అల్లేశాను," అని చెప్పేశాను. ఏ మెంబరు ముందైనా నేను ఒప్పుకున్న తప్పు అదొక్కటే. ఆమె తిట్టలేదు. "అయితే మారొచ్చన్నమాట," అంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకింకా సిగ్గేసింది.

అసలు పుస్తకం కోసం ఆ రోజే విజయవాడలో నాకు తెలిసిన పుస్తకాలాయనకి ఉత్తరం రాశాను. కానీ అది వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదిది. మర్నాడు పోలమ్మని అరుగు మీదికి పిలిచాను.

"అమ్మా, తప్పు నాదే. ఇప్పుడు మళ్ళీ రాస్తాను. సోమన్న లేచి నడుస్తాడు, పరుగెడతాడు, సరేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒద్దు బాబూ. అలగ రాస్తే మా ఆయన నమ్మడు. ఇంక నడవడని డాక్టరు సెప్పిన మాట ఆయనా ఇన్నాడు. నోరు పోయింది గాని సెవులు బాగానే ఉన్నాయి."

"మరేం రాయమంటావు?"

"నాకేటి తెలుసు బాబూ, అచ్చరమ్ముక్క రాదు." గంప అంచు సవరించుకుంది. "మాటిచ్చినోడు మల్లా రావాల. అదొకటి. మరోటేటంటే, ఆడు ఊరికే కూకోకూడదు. కూకోబెట్టి కూడెడితే మా ఆయన సిగ్గుతో సచ్చిపోతాడు. ఆడికేదో పనుండాల."

ఇన్నేళ్ళు పుస్తకాల మధ్య బతికాను. ఒక కథకి ఏం కావాలో అంత తేటగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

ఈసారి ముందు నాలుగు పార్టులూ మొదటినుంచి చదివాను. షాపు రెండు రోజులు మా ఆవిడ చూసింది, నన్ను తిడుతూనే. చదువుతుంటే తెలిసింది, పగలంతా సతాయించే మెంబర్లూ గౌరాంగ రేపులూ నా బుర్రలోంచి ఎటు పోయాయో పోయాయి. నేనూ అయిదో సరస్సు ఒడ్డున కూర్చున్నాను. ఇన్నాళ్ళూ వీళ్ళందరికీ అద్దెకిస్తున్నది ఏమిటో నాకే తెలీదన్నమాట.

అప్పుడు రాశాను. పెళ్ళికి ముందే రాజకుమారుడు వెనక్కి వస్తాడు. మంత్రజలం చల్లినా సోమన్న నడుము కింద రాయి కరగదు. రాజకుమారుడు ఏడుస్తాడు. సోమన్న అంటాడు, "నన్ను పడవలో కూర్చోబెట్టు, చాలు." అయిదో సరస్సులో లోతుదారి ఎక్కడుందో వాడికొక్కడికే తెలుసు. వాడు చుక్కాని దగ్గర కూర్చుని వేలితో దారి చూపిస్తాడు, పెళ్ళాం పడవ నడుపుతుంది. ఆ వేలు చూపించకపోతే రాజుగారి పెళ్ళిపడవ అక్కడే ఇసుక మేటలో దిగబడేది. పెళ్ళివిందు రెండు వాక్యాలకి కుదించాను.

ఆదివారం పొద్దున్న పాసింజరుకి నేనే రంభ వెళ్ళాను. చిన్న ఇల్లు, వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. జట్టు ఆడవాళ్ళందరూ వచ్చి గోడవారన కూర్చున్నారు. ఎర్రన్న గోడవైపే తిరిగి ఉన్నాడు. పెద్ద మనిషి, వెడల్పాటి భుజాలు. పోలమ్మ అతని చెవి దగ్గర, "పడవోడి కత మార్సి రాసుకొచ్చేరు, ఇను," అంది. కదలలేదు.

నేను మొదలుపెట్టాను. రాజకుమారుడు వెనక్కి తిరిగి వచ్చిన చోట ఆడవాళ్ళు ఊ అన్నారు. మంచం నుంచి చప్పుడు లేదు. రాయి కరగలేదని చదివినప్పుడు అతను తల ఇటు తిప్పాడు. సోమన్నని పడవలో కూర్చోబెట్టిన చోట వేలు ఒకసారి కోడు మీద పడింది. టక్. నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆగకుండా చదువుకుపోయాను. టక్, టక్.

"దక్షిణపు గాలి హోరున వీస్తోంది. సోమన్న భార్య తెరచాప ఎత్తింది. పడవ దక్షిణానికి బాణంలా దూసుకుపోయింది," అని చదివాను.

వేలు ఆగిపోయింది. అతను వేలిని కోడు మీద అడ్డంగా రుద్దాడు, ఒకసారి, రెండుసార్లు, కోపంగా. కాదు అనడానికి అతని గుర్తట అది. ఏం తప్పైందో నాకు తెలియదు. పోలమ్మ వంగి అతని కళ్ళలోకి చూసి, "గాలా?" అంది. టక్. "తెరసాపా?" టక్. అంతే, ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఫక్కున నవ్వారు.

"ఓలమ్మో! దచ్చినం నుంచొచ్చే గాలికి దచ్చినంకే తెరసాపెత్తేసేరు బాబు! పడవ ఎనక్కెల్లిపోద్ది కదేటి!"

లంజిపల్లిలో సైకిలు తప్ప ఏమీ నడపనివాణ్ణి, నాకెలా తెలుస్తుంది? జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం అక్కడికక్కడే కొట్టేశాను. "ఎర్రన్నా, అయితే ఏం చెయ్యాలి?" అని సూటిగా అతన్నే అడిగాను. పోలమ్మ ఒక్కో మాటా అంటుంటే అతను వేలు కొడుతూ, అడ్డంగా రుద్దుతూ చెప్పాడు. తెరచాప దించేయాలి. ఒడ్డువారన గెడ వేసుకుంటూ పోవాలి. కొంగలు నిలబడ్డ చోటుకి పోకూడదు, అక్కడ లోతుండదు. అర పేజీకి అరగంట పైనే పట్టింది. అతని నుదురు చెమటతో తడిసిపోయింది. పోలమ్మ తుడవబోతే తల పక్కకి తప్పించాడు, పనిలో ఉన్నాను అన్నట్టు. అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

సమాప్తం అని చదివాక కూడా వేలు ఆగలేదు. టక్, టక్, టక్. "ఇంకా ఉందా అని అడుగుతున్నాడు బాబూ," అంది పోలమ్మ. తిరుగుదారిలో మిగిలిన నాలుగు సరస్సులూ రాసుకొస్తాను, పడవ సంగతులు మీరు సరిచూడాలి అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అతను గంజి తాగడం చూసే బండెక్కాను.

విజయవాడ నుంచి పుస్తకం జూన్ చివరలో వచ్చింది. పార్సిలు తాడు విప్పకుండానే కోసేసి చివరి పేజీలు చదివాను. మాంత్రికుడు చచ్చాడు, రాజకుమారి దొరికింది, పెళ్ళి, పట్టాభిషేకం. సోమన్న ఊసు లేదు. రెండుసార్లు వెతికాను. నేను ఆడిన అబద్ధం నిజమే అయింది, రాసినాయన కూడా మరిచిపోయాడు.

నూకరత్నానికి చూపించాను. నా నియమం ప్రకారం అచ్చుపేజీలు దొరికాయి కాబట్టి రాతపేజీలు తీసేయాలి, ఏం చెయ్యమంటావని అడిగాను. చదివి నవ్వింది. "ఆయనికి ఎర్రన్న మావ దొరకనేదు పాపం," అంది. అచ్చుపేజీలు సొరుగులో పడేశాను. కింది అలమరలో చెదలు పట్టినవి తీసి తూకానికి వేసేసి, రంభ జట్టుకీ పైవాటిలోంచే ఇచ్చాను. వాసన గిట్టనివాళ్ళు ఇద్దరు మానేశారు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆ షాపు నడిపాను. రాతపేజీలు ఎన్నో రాశాను. ప్రతిదానికీ ముందు ఒక చీటీ తీసుకుని, ఆ కథలో ఇంకా ఇల్లు చేరనివాళ్ళు ఎవరెవరున్నారో రాసుకునేవాణ్ణి. రాజకుమారుడి పేరు ఆ చీటీలో రాసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. గుర్రం కడిగేవాడు, దీపం పట్టుకున్న దాసి, దారి చెప్పిన ముసలమ్మ, వాళ్ళ పేర్లే ఉండేవి. ఒక్కొక్కరినీ ఇంటికి చేర్చి, పేరు కొట్టేసి, చీటీ ఖాళీ అయ్యాకే సమాప్తం అని రాశాను.